కుళ్ళాయప్ప మీద కుళ్ళాయప్ప ఫిర్యాదు

ముద్దలకుంట చీనీ రైతు కుళ్ళాయప్ప తన తోటలో ఒక మనిషి చేత ఏళ్ల తరబడి పైసా జీతం ఇవ్వకుండా, ఆదివారమైనా సెలవివ్వకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా గొడ్డుచాకిరీ చేయించుకుంటున్నాడని సమన్యాయ ఫల వాణిజ్య ప్రమాణ మండలి వారి విచారణలో తేలింది. నేరం రుజువైంది. నిందితుడు ఒప్పుకున్నాడు కూడా. ఒప్పుకోక ఏం చేస్తాడు పాపం, ఆ చాకిరీ చేసే మనిషి కూడా తనే అయిపోయె.

ఇంతకీ మండలివాళ్లు రాకముందు కుళ్ళాయప్ప బాధ ఇది కానే కాదు. అతని బాధంతా సూటు గురించి. ఉన్నది మూడెకరాల చీనీ తోట, అదే బత్తాయి తోట. బోరు ఎండిపోయిన ఏడు మొగుడూ పెళ్లాలిద్దరూ ట్యాంకర్లతో నీళ్లు తోలించి, చెట్టు చెట్టుకీ బిందెలతో పోసి బతికించుకున్న తోట అది. అట్లాంటి తోటలో కాసిన కాయను టౌనులో గోపీనాథ్ మండీకి తోలితే, టన్ను తూచిన తర్వాత ఇంకో నూరు కిలోలు ఊరికే పోయాలి. దాన్నే సూటు అంటారు. ఎందుకయ్యా అంటే కాయ దారిలో దెబ్బతింటుంది కదా అంటారు. దెబ్బతినని కాయకెందుకయ్యా అంటే ఆచారం అంటారు. పోనీ ధరైనా ముందు చెబుతారా, చెప్పరు. లారీ దించినాక చెబుతారు. నచ్చకపోతే మళ్లీ ఎత్తుకుపొమ్మంటారు. వాడిపోయే కాయను మళ్లీ లారీకెత్తుకుని ఇంటికి పోయిన మొనగాడు ఆ జిల్లాలో ఇంతవరకూ పుట్టలేదు. "నువ్వు కాకపోతే ఇంకొకడప్పా" అనేది గోపీనాథ్ ఊతపదం. ఆ మాట అన్నప్పుడల్లా కుళ్ళాయప్పకు ఒళ్లు మండిపోయేది. మండి ఏం లాభం? సూటు పోసి, తలగుడ్డ దులుపుకుని బస్సెక్కేవాడు.

అట్లాంటి సమయంలో ఊళ్లోకి మండలి జీపు వచ్చింది. జీపులోంచి ప్రాంతీయ ప్రమాణ సమన్వయాధికారి అభిజిత్ గారు దిగారు. సన్నగా, తెల్లగా, నలగని చొక్కాతో, అప్పుడే కవరులోంచి తీసినట్టున్నాడాయన. బడి వరండాలో రైతులందరినీ కూర్చోబెట్టి ప్రసంగించాడు. ధరలో పారదర్శకత, తూకంలో నిష్పాక్షికత, శ్రమలో గౌరవం తమ సంస్థకు మూలస్తంభాలన్నాడు. మండలి ముద్ర పడిన కాయను పెద్ద పెద్ద నగరాల్లో కొనేవాళ్లు ఎదురుచూస్తున్నారట. కాయ కోయకముందే ధర చెబుతారట, ఆ ధర తగ్గదట. పైగా టన్నుకింత అని ఊరి బాగుకు విడిగా జమ చేస్తారట, దాంతో బడికి నీళ్ల ట్యాంకు కట్టుకుంటారో, కోసిన కాయ నీడన పోసుకునేందుకు షెడ్డు వేసుకుంటారో ఊరివాళ్లిష్టమట.

కుళ్ళాయప్ప పక్క తోట తిప్పేస్వామిది. వీళ్లిద్దరికీ చిన్నప్పటినుంచీ స్నేహం. అతను లేచి, అందరి మనసులో ఉన్నది అడిగాడు, సూటు ఎంత ఉంటుందని. సూటంటే ఏమిటో అభిజిత్‌కు తెలియదు. రైతులు వివరించారు. ఆయన రెండుసార్లు చెప్పించుకుని, "మా పత్రాల్లో అటువంటి అంశానికి గడే లేదండీ" అన్నాడు నివ్వెరపోయి. ఆ మాట విన్న రైతుల ప్రాణం లేచొచ్చింది. సూటుకు గడి కూడా లేని కాగితం ఎక్కడుంటే అక్కడ వేలిముద్రైనా వేస్తామన్నారు. చుట్టుపక్కల చీనీ ఊళ్లన్నీ ఆ వారమే మండలిలో చేరిపోయాయి.

అదంతా నిజంగా మంచి సంగతే. చెడ్డదల్లా ఏమిటంటే, ముద్ర వేయడానికి ముందు తనిఖీ ఉంటుంది.

తనిఖీకి వచ్చిన రోజు కుళ్ళాయప్ప తోటలో పాదులు తవ్వుతున్నారు. ఆ ఊళ్లో పాదులు తవ్వాలన్నా, ఎండుకొమ్మలు కొట్టాలన్నా, కాయ కోయాలన్నా కూలి ఇచ్చి పిలుచుకునేది తక్కువ. ఈరోజు నలుగురూ నీ తోటకొస్తారు, రేపు నువ్వు వాళ్ల తోటకు పోతావు. బదులు పని అంటారు. తాతల నాటినుంచీ అంతే. తిప్పేస్వామి పార పట్టుకుని చెమటలు కక్కుతుంటే అభిజిత్ అతన్ని చూపించి, "వీరికి దినవేతనం ఎంత చెల్లిస్తున్నారు?" అని కుళ్ళాయప్పను అడిగాడు.

"ఏమియ్యను సార్."

"మరి ఆయన రానంటే?"

కుళ్ళాయప్ప అబద్ధం చెప్పే మనిషి కాదు. "రాకపోతే ఊర్లో మొగం చెల్లదు సార్" అన్నాడు.

అభిజిత్ గంభీరంగా ఏదో రాసుకున్నాడు. తర్వాత తిప్పేస్వామిని పక్కకు పిలిచి, భయపడకుండా చెప్పమని ధైర్యమిచ్చి అడిగితే, తన తోటలో కుళ్ళాయప్ప చేత కూడా అట్లాగే ఉత్తపుణ్యానికి చేయించుకుంటానని అతను గర్వంగా చెప్పాడు. అభిజిత్ కళ్లు మెరిశాయి. ఇద్దరు మనుషులు ఒకరినొకరు బంధించి పెట్టుకున్న కేసు ఇంతవరకూ ఏ దేశంలోనూ నమోదు కాలేదట. దానికి ఆయన అక్కడికక్కడే 'పరస్పర వెట్టిచాకిరీ' అని పేరు పెట్టాడు. వెంటనే ఆపాలని, పనిచేసినవాడికి ఏ రోజుకారోజు నగదు ఇచ్చి రసీదు తీసుకోవాలని ఆజ్ఞాపించాడు.

సరేనని కుళ్ళాయప్ప ఒక ఐదువందల నోటు తిప్పేస్వామికిచ్చాడు. మర్నాడు తిప్పేస్వామి తోటలో పనిచేసి ఆ నోటే తెచ్చుకున్నాడు. నోటు ఊరంతా తిరిగింది. తిరిగి తిరిగి గుడ్డపీలికలా మెత్తబడింది. తర్వాతి తనిఖీలో అభిజిత్ రసీదులన్నీ చూసి, ఊరి మొత్తానికి కూలి ఒకే నోటుతో ఇవ్వడం అనుమానాస్పద లావాదేవీ అవుతుందని తేల్చాడు. దాంతో బదులు పని పూర్తిగా బంద్. ఎవరి తోటలో వాళ్లే పనిచేసుకోవాలి.

పని మూడింతలైంది. అయినా కుళ్ళాయప్ప ఓర్చుకున్నాడు. కాయ బాగా దిగుతోంది. ఈ ఒక్క కారు పంట సూటు లేకుండా అమ్మితే చాలు, బోరు ఇంకొంచెం లోతుకు దింపించుకోవచ్చు, మళ్లీ ఎండలు ముదిరితే తోట చేతిలోంచి పోకుండా ఉంటుంది. ఆ ఆశతోనే చెట్లకింద ఒంగిన నడుము ఎత్తకుండా పనిచేసుకుంటుంటే, అభిజిత్ మళ్లీ వచ్చాడు.

"ఇక్కడ కార్మికులెవరు?"

"నేనే సార్."

"మీకు వేతనం ఎవరిస్తున్నారు?"

కుళ్ళాయప్ప చుట్టూ చూసి, "ఎవురూ ఇయ్యలేదే" అన్నాడు, అంతవరకూ తట్టనందుకు తనే ఆశ్చర్యపోతూ.

అదే కొంప ముంచింది. మండలి నిబంధనల్లో సొంత చెమట అనే మాట లేదు. పనిచేసేవాడు కార్మికుడు, చేయించుకునేవాడు యజమాని. అందుకని యజమాని కుళ్ళాయప్ప, కార్మికుడు కుళ్ళాయప్పకు నియామక పత్రం ఇచ్చాడు. పైన ఒక సంతకం, కింద ఒక సంతకం. టోపీ, చేతి తొడుగులు ఇప్పించుకున్నాడు. ఆదివారం సెలవు మంజూరు చేసుకున్నాడు. ఆ ఆదివారమే కరెంటు వచ్చింది. చేతికి దొరికిన కరెంటును వదులుకునే రైతు ఎవడుంటాడు, మోటరు వేయడానికి పరుగెత్తాడు. వెనకనుంచి ఫోటో తీసిన చప్పుడైంది.

"మీరిప్పుడు ఏ హోదాలో లోపలికొచ్చారు?" అన్నాడు అభిజిత్.

"మోటరు ఏసేకి వచ్చినా సార్."

"హోదా అడుగుతున్నాను. యజమానిగానా, కార్మికునిగానా?"

కుళ్ళాయప్ప ఆలోచించాడు. యజమాని మోటరు వేయకూడదు, అది కార్మికుడి పని. కార్మికుడు రాకూడదు, సెలవు. "లుంగీ కట్టుకోని వచ్చినా సార్, హోదా ఇంట్లో మర్చిపోయినా" అన్నాడు. అది కూడా రాసుకున్నారు.

ఇక మిగిలింది అతని భార్య సుంకమ్మ. ఆమెను కూడా కార్మికురాలిగా నమోదు చేయాలని అభిజిత్ ఇంటికొచ్చి, రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తారమ్మా అని అడిగాడు. సుంకమ్మకు ఆ ప్రశ్న పుట్టి బుద్ధెరిగి ఎవరూ వేయలేదు. లేచినప్పుడు మొదలైతాది, పండుకున్నప్పుడు అయిపోతాది అంది. మరి విరామం అంటే, "జరమొచ్చినప్పుడు సార్" అంది. మామూలుగా, పప్పులో ఉప్పెంత వేస్తారో చెప్పినట్టు చెప్పింది. అభిజిత్ కలం ఆగిపోయింది. అరుగుమీద కూర్చున్న కుళ్ళాయప్ప తల దించుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ లెక్క తను ఒక్కనాడూ వేయలేదని అతనికి సిగ్గనిపించింది. ఆ సాయంత్రం నీళ్ల బిందె తనే మోసుకొచ్చాడు. మండలి వల్ల ముద్దలకుంటకు జరిగిన మొదటి మేలు అదే, ఆ సంగతి మాత్రం వాళ్ల నివేదికలో ఎక్కడా లేదు.

నిబంధనల ప్రకారం ఊరికొక కార్మిక ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఆడవాళ్లంతా కలిసి సుంకమ్మను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. వారానికోసారి సమావేశం. ఊళ్లో అంతకుముందు నలుగురు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నది పెళ్లికో చావుకో తప్ప లేదు. ఇప్పుడు వారం వారం కూర్చుని, ఎవరికి ఏ కష్టముందో ఒకరి తర్వాత ఒకరు చెప్పుకోవడం, మాట మధ్యలో అడ్డు తగలకపోవడం, చివర్లో అందరూ చేతులెత్తడం అలవాటైంది. మొదట్లో నవ్వుకున్నారు. తర్వాత తర్వాత పొయ్యిమీద కూర మాడుతున్నా లేవడం మానేశారు.

ఆ కమిటీ ముందుకే కుళ్ళాయప్ప కేసు వచ్చింది. వరండాలో రెండు కుర్చీలు వేశారు, ఒకటి ఫిర్యాదుదారుకు, ఒకటి ప్రతివాదికి. కుళ్ళాయప్ప మొదటి కుర్చీలో కూర్చుని, తన యజమాని జీతమివ్వడం లేదని, సెలవునాడు కూడా మోటరు వేయించాడని చెప్పాడు. లేచి రెండో కుర్చీలో కూర్చుని, కాయ అమ్ముడుపోతేనే కదా సార్ జీతమిచ్చేది అన్నాడు. కార్మికుడు మాట్లాడేటప్పుడు మీరు అడ్డురావద్దని అభిజిత్ మందలించాడు. కుళ్ళాయప్ప క్షమించమని మొదటి కుర్చీవైపు చూసి దండం పెట్టాడు. ఇద్దరి మధ్య రాజీకి అవకాశముందా అని అధ్యక్షురాలిని అడిగితే, సుంకమ్మ కొంగు సవరించుకుని, "ఇద్దరికీ అన్నం పెట్టేది నేనే సార్. ఇద్దరూ మంచోళ్లే, ఎవురి దగ్గరా దుడ్డు ల్యా" అంది.

తీర్పు కఠినంగానే వచ్చింది. యజమాని దోషి. బకాయి జీతం కింద తోటను కార్మికునికి అప్పగించాలి. కుళ్ళాయప్ప సంతోషంగా ఒప్పుకున్నాడు. అప్పుడు అభిజిత్‌కు ఒక సందేహం వచ్చింది. తోట చేతికొచ్చిన మరుక్షణం కార్మికుడు యజమాని అవుతాడు. మరి ఆ తోటలో పని ఎవరు చేస్తారు? ఆయన చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. విషయం మౌలికమైనదని, కేంద్ర కార్యాలయం నుంచి స్పష్టత రావాలని, అంతవరకూ కోత నిలిపివేయాలని చెప్పి జీపెక్కాడు. మండలిలో చేరిన ఊళ్లన్నిటిలోనూ రైతులంతా అదే నేరం చేస్తున్నారు కాబట్టి, అన్ని ఊళ్లకూ అదే ఉత్తర్వు. ఎవరైనా ఒక్క కాయ తుంచినా ఊరి మొత్తానికి ముద్ర రాదన్నాడు.

ఒక వారం పోయింది. ఇంకో వారం పోయింది. కేంద్ర కార్యాలయం ఆలోచిస్తోంది. కాయ ఆలోచించదు కదా, పండి రాలడం మొదలుపెట్టింది. పొద్దున్నే తోటలోకి పోతే చెట్లకింద పచ్చగా పరుచుకుని ఉండేవి. కుళ్ళాయప్ప కండువా నిండా ఏరుకుని, గట్టుమీద కూర్చుని ఒక్కొక్కటే చేత్తో తిప్పి చూసేవాడు. నీళ్లు మోసిన భుజాలు ఇంకా నొప్పి మరవలేదు, కాయ మట్టిపాలు. ముద్ర వద్దు ఏమొద్దు, సూటు పోసైనా మండీకి తోలేద్దామని తిప్పేస్వామితో అన్నాడు. ఇద్దరికీ ఏడుపొక్కటే తక్కువ.

ఆ మాటనుకున్న మర్నాడే ఊళ్లోకి కారొచ్చింది. గోపీనాథ్. ఎప్పుడూ మండీ గద్దె దిగని మనిషి, చెప్పులు చేత పట్టుకుని కుళ్ళాయప్ప తోట గట్టుమీద నడిచొస్తుంటే, ఎగతాళి చేయడానికే వచ్చాడనుకున్నారు. తీరా చూస్తే మనిషి సగమయ్యాడు. ఉత్తరాది నుంచి వచ్చిన వ్యాపారులు మండీలో లారీలు పెట్టుకుని కూర్చున్నారట. కాయ ఏ ఊరినుంచీ రావడం లేదట. రేపోమాపో వాళ్లు లారీలు తిప్పుకుని ఇంకో జిల్లాకు పోతామంటున్నారట.

"ఎంతమందిని అడిగినా కోసేది ల్యా అంటాండారు. ఎందుకప్పా, ఏమైంది మీకు?" అన్నాడు.

"కోయకూడదంట సామీ" అన్నాడు కుళ్ళాయప్ప, ఉన్నదున్నట్టు.

"ఎవురన్నారు?"

"కమిటీ ఉండాది."

గోపీనాథ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "కమిటీనా? ఏం కమిటీ? ఎన్నూళ్లు ఉండాయి దాంట్లో?"

అన్ని ఊళ్లూ ఉన్నాయని కుళ్ళాయప్ప చెప్పబోతుంటే, చెట్టు వెనక రాలినకాయ ఏరుతున్న సుంకమ్మ ముందుకొచ్చింది. ఆమెకు అర్థమైపోయింది. తాము చేతకాక ఊరుకున్నదాన్ని, ఈ మహానుభావుడు తాము కావాలని కట్టిన కట్టు అనుకుంటున్నాడు. ఆమె కొంగు నడుముకు దోపి, అభిజిత్ గొంతుతో అంది. "మాట్లాడాలంటే కమిటీ ముందుకు రావాల. ఈడ తోటలో మాట్లాడేది ల్యా."

ఆ సాయంత్రం వరండాలో ప్రతివాది కుర్చీలో గోపీనాథ్ కూర్చున్నాడు. వరండా నిండా జనం. సుంకమ్మ కబురు పంపితే పక్క ఊళ్ల కమిటీలు కూడా వచ్చి మెట్లమీద కూర్చున్నాయి. ఫిర్యాదులు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఎవరూ అరవలేదు, ఎవరూ అడ్డు తగలలేదు, ఎవరి వంతుకు వాళ్లు లేచి, మీరు మా దగ్గర ఎందుకు ఊరికే కాయ తీసుకుంటున్నారని మర్యాదగా అడిగి కూర్చున్నారు. గోపీనాథ్ తిట్లైతే తట్టుకునేవాడే, ముప్పై ఏళ్లుగా అలవాటు. ఈ మర్యాదకు మాత్రం చెమటలు పట్టాయి. ఆచారమన్నాడు. ఆచారానికి గడి లేదంది సుంకమ్మ. నువ్వు కాకపోతే ఇంకొకడు అనే మాట ఆయన నోటిదాకా వచ్చింది. ఆ ఇంకొకడు కూడా అక్కడే మెట్లమీద కూర్చుని ఉన్నాడు.

చివరికి సూటు లేదు, ధర లారీ ఎక్కించకముందే చెప్పాలి, తూకం దగ్గర కమిటీ మనిషి ఉండాలి అని ఒప్పుకున్నాడు. అందరూ చేతులెత్తారు. ఏం చేయాలో తోచక గోపీనాథ్ కూడా ఎత్తాడు.

మర్నాటినుంచీ ఒకరి తోటలో ఒకరు పడి బదులు పనితోనే కోసేశారు. కాటా ముల్లు ఎక్కడ ఆగిందో అక్కడే లెక్క ఆగింది. పైన ఒక్క కాయ పడలేదు. కుళ్ళాయప్ప ఆ ముల్లువంక చూస్తూ అట్లాగే నిలబడిపోయాడు. తిప్పేస్వామి భుజమ్మీద చెయ్యేసి ఇవతలికి లాక్కొచ్చాడు.

చివరి లారీకి కాయ ఎక్కిస్తుండగా మండలి జీపు వచ్చింది. అభిజిత్ ఉత్సాహంగా దిగాడు. కేంద్ర కార్యాలయం స్పష్టత ఇచ్చేసిందట. యజమానీ కార్మికుడూ ఒకరే అయినప్పుడు, ఆ ఇద్దరి మధ్య సంబంధాలు సామరస్యంగా ఉన్నట్టు ఇద్దరూ సంతకం పెడితే చాలునట. ఇక ముద్ర వేసేయడమే. ఇంతలో లారీ ఆయన కంటపడింది. ఏమిటని అడిగితే సుంకమ్మ సంబరంగా అంతా చెప్పింది. మీ మీటింగులే లేకుంటే మేమందరం ఒకచోట కూర్చుండేవాళ్లమే కాదు సార్, మీ దయవల్లనే అంది. మనసులోంచే అంది.

అభిజిత్ ముఖం క్రమంగా పాలిపోయింది. "సూటు లేకుండా అమ్మారా? ధర ముందే చెప్పించుకున్నారా? తూకం సరిగ్గా ఉందా?"

"అంతా సరిగ్గుంది సార్" అన్నాడు కుళ్ళాయప్ప.

"మా ప్రమేయం లేకుండా?"

"మీరు కనపడల్యా సార్, కాయ రాల్తాండ్య."

అభిజిత్ జీపు బానెట్ మీద కాగితాలు పరిచి వెతికాడు. మండలి సేవలు అన్యాయపీడిత ఉత్పత్తిదారులకు మాత్రమేనట. న్యాయమైన ధర పొందుతున్నవారు ఆ నిర్వచనంలోకి రారట. పైగా ఇది ఆమోదం పొందని న్యాయమట. ఇందుకు ఊరిని జాబితాలోంచి తొలగించాల్సి వస్తుందని కాగితాల్లోకి చూస్తూ చెప్పాడు. అంతలో దారి దొరికినట్టు తలెత్తాడు. వచ్చే కారు పంటకు పాత పద్ధతిలోనే సూటు పోసి, పోసినట్టు రసీదు తెచ్చుకుంటే, అర్హతను పునరుద్ధరించే వెసులుబాటు ఉందన్నాడు.

కుళ్ళాయప్పకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "అంటే మాకు మళ్లా అన్యాయం జరిగితే, మీరొచ్చి న్యాయం చేస్తారా సార్?"

"విధానపరంగా అంతేనండీ."

"మా నాయన పోసినాడు సార్ సూటు. మా తాత పోసినాడు. నేను మొన్నటిదాకా పోసినా. అదంతా సాలదా?"

అభిజిత్ నిబంధనలు మళ్లీ ఒకసారి తిరగేశాడు. "పాత అన్యాయం చెల్లదండీ" అన్నాడు నిజంగానే నొచ్చుకుంటూ. "కొత్తది ఉండాలి."

"కొత్తది మా ఊర్లో అయిపోయింది సార్. ఇంగ యాడన్నా చూసుకోండి" అని కుళ్ళాయప్ప లారీ తలుపు వేసి, డ్రైవరుకు పొమ్మని చెయ్యి ఊపాడు.